హెపటైటిస్ బి ఉందా? డెల్టా టెస్ట్ ఒక్కసారైనా చేయించారా?
పాఠకుల ప్రశ్నలు – డాక్టర్ జవాబులు

ఈసారి లివర్ గురించి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం హెపటైటిస్ బి ఉన్నవాళ్ళవే. చదువుతుంటే ఒక విషయం చాలా బాధనిపించింది, ఏళ్ళ తరబడి మందులు వాడుతున్నవాళ్ళు, ఆర్నెల్లకోసారి స్కానింగ్ తప్పకుండా చేయించుకుంటున్నవాళ్ళు, ఫైల్ నిండా రిపోర్టులు ఉన్నవాళ్ళు కూడా హెపటైటిస్ డి అనే మాటే ఎప్పుడూ వినలేదంటున్నారు. అందుకే ఈ కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 41 ఏళ్ళు. రక్తదానం చెయ్యబోతే హెపటైటిస్ బి ఉందని బయటపడింది. అప్పట్నుంచి టెనోఫోవిర్ రోజూ ఒక టాబ్లెట్ వేసుకుంటున్నా, ఒక్కరోజు కూడా మానలేదు. హెచ్‌బీవీ డీఎన్‌ఏ టెస్ట్‌లో ప్రతిసారీ నాట్ డిటెక్టెడ్ అనే వస్తోంది, కానీ ఎస్‌జీపీటీ మాత్రం 120, 140, మళ్ళీ 130... నార్మల్‌కి రానే రావట్లేదు. నేను మందు ముట్టను, లావుగా కూడా ఉండను. ఇంట్లోవాళ్ళు "బయట ఎక్కడో తాగుతున్నావు, నిజం చెప్పు" అంటున్నారు. చాలా అవమానంగా ఉంది.

జవాబు: ముందు ఈ జవాబుని మీ ఇంట్లోవాళ్ళకి చదివి వినిపించండి. ఎస్‌జీపీటీ పెరగడానికి తాగుడొక్కటే కారణం కాదు, అది లివర్ కణాల్లో ఉండే ఒక ఎంజైమ్, కణాలు ఏ కారణంతో దెబ్బతిన్నా రక్తంలోకి వచ్చేస్తుంది. తాగని మనిషిని పట్టుకుని తాగావా అని అడగడం వల్ల అసలు కారణం వెతకడం ఆగిపోతుంది, నష్టం అక్కడ జరుగుతుంది.

ఇప్పుడు మీ రిపోర్ట్ చూద్దాం. బి వైరస్‌ని మీ టాబ్లెట్ అణిచేసింది, డీఎన్‌ఏ కనిపించట్లేదంటే అదే అర్థం. మరి లివర్‌ని ఇంకా దెబ్బతీస్తున్నదేంటి? ఫ్యాటీ లివర్ కావచ్చు, సన్నగా ఉన్నవాళ్ళకీ వస్తుంది. హెపటైటిస్ సి కావచ్చు, ఆటోఇమ్యూన్ హెపటైటిస్ కావచ్చు, మీరు వాడే వేరే మందులో హెర్బల్ సప్లిమెంటో కావచ్చు. ఇవన్నీ చూడాల్సిందే. కానీ బి డీఎన్‌ఏ కింద, ఎస్‌జీపీటీ పైన, ఈ రెండూ ఒకే పేపర్ మీద కనిపిస్తే నేను మొదట అడిగేది యాంటీ హెచ్‌డీవీ చేయించారా అని. అది హెపటైటిస్ డి వైరస్ సోకిందేమో చూసే రక్తపరీక్ష, ఈ వైరస్‌నే డెల్టా అంటాం.

డెల్టా వైరస్ బి వైరస్ ఉన్నవాళ్ళకే వస్తుంది. దానికి సొంతంగా పై తొడుగు లేదు, బి వైరస్ తయారుచేసే సర్ఫేస్ యాంటిజెన్‌నే, అంటే మీ రిపోర్ట్‌లో హెచ్‌బీఎస్ఏజీ అని రాసుంటుందే, దాన్నే తెచ్చుకుని తొడుక్కుంటుంది, ఎదుటివాళ్ళ కోటు వేసుకుని తిరిగినట్టు. ఆ కోటు ఉంటేనే ఒక కణం నుంచి ఇంకో కణంలోకి వెళ్ళగలదు. చాలామంది ఇక్కడే పొరబడతారు, టెనోఫోవిర్ వాడితే బి తగ్గుతుంది కదా దాంతో డెల్టా కూడా తగ్గాలి కదా అనుకుంటారు. తగ్గదు. ఎందుకంటే టెనోఫోవిర్, ఎంటెకవిర్ లాంటివి బి వైరస్ కాపీలు చేసుకునే ఎంజైమ్‌ని ఆపుతాయి అంతే, సర్ఫేస్ యాంటిజెన్ తయారీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. డెల్టాకి కావాల్సింది అదొక్కటే. పైగా కాపీలు చేసుకోడానికి డెల్టాకి సొంత ఎంజైమ్ కూడా లేదు, మన కణంలో ఉండే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌నే వాడేసుకుంటుంది, అందుకే దానికి మందు కనిపెట్టడం ఇన్నేళ్ళు ఇంత కష్టమైంది.

ఇంకోటి, డెల్టా లోపలుంటే బి వైరస్‌ని అది కూడా కొంత అణుస్తుంది. దాంతో ఏ మందూ వాడని మనిషికి కూడా బి డీఎన్‌ఏ తక్కువగా రావచ్చు. ఆ తక్కువ నంబర్ చూసి "వైరస్ లేదండీ, భయం లేదు" అని పంపించేస్తే ఏళ్ళు గడిచిపోతాయి, ఈలోపు లివర్‌లో మచ్చ పెరుగుతూ ఉంటుంది. మీరు మాత్రం ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు యాంటీ హెచ్‌డీవీ టెస్ట్ రాయమని సూటిగా అడగండి. టెనోఫోవిర్ ఆపొద్దు, సొంతంగా ఆపితే బి ఒక్కసారిగా ఎగిసిపడొచ్చు.

ప్రశ్న: బి ముదిరితే సి, సి ముదిరితే డి అవుతుందా?

జవాబు: అవ్వదు. ఇవి స్టేజీలు కావు, వేరువేరు వైరస్‌లు. పేర్లు వరసగా పెట్టడం వల్ల ఈ అపోహ వచ్చింది. నిజానికి మొదట్లో సైంటిస్టులు కూడా డెల్టాని బి వైరస్‌లోనే ఒక భాగం అనుకున్నారు. 1977లో ఇటలీలోని ట్యూరిన్‌లో మారియో రిజెట్టో అనే డాక్టర్, బి ఉన్నవాళ్ళ లివర్ బయాప్సీలు పరీక్షిస్తుంటే కొందరి కణాల్లో అప్పటిదాకా ఎవరూ చూడని యాంటిజెన్ ఒకటి కనిపించింది, దానికే డెల్టా అని పేరు పెట్టారు. తర్వాత అమెరికాలోని పరిశోధకులతో కలిసి చింపాంజీల మీద చేసిన ప్రయోగాల్లో ఇది బి కాదు, బి సాయంతో బతికే ఇంకో వైరస్ అని తేలింది. జన్యువు మొత్తం చదివింది 1986లో. సుమారు 1,700 అక్షరాలున్న గుండ్రటి ఆర్‌ఎన్‌ఏ, మనుషులకి సోకే వైరస్‌లలో ఇంత చిన్న జన్యువు ఇంకోటి లేదు. అంత చిన్నది ఇంత నష్టం చెయ్యడం ఇప్పటికీ నన్ను ఆశ్చర్యపరుస్తుంది.

ప్రశ్న: మా తమ్ముడు బి క్యారియర్. చిన్నప్పట్నుంచీ ఉంది, ఎప్పుడూ ఏ ఇబ్బందీ లేదు, "ఇన్‌యాక్టివ్ క్యారియర్, మందులు అక్కర్లేదు" అన్నారు. మొన్న ఉన్నట్టుండి కళ్ళు పచ్చబడ్డాయి, వాంతులు, ఎస్‌జీపీటీ వెయ్యి దాటింది. బి ఎగిసిపడింది అంటున్నారు. డెల్టా అయ్యే అవకాశం ఉందా?

జవాబు: ఉంది, వెంటనే చూడాల్సిన విషయం. ఏళ్ళ తరబడి నెమ్మదిగా ఉన్న క్యారియర్‌కి హఠాత్తుగా కామెర్లు వస్తే నిజంగా బి ఎగిసిపడి ఉండొచ్చు, హెపటైటిస్ ఎ గానీ ఇ గానీ కొత్తగా సోకి ఉండొచ్చు, ఏదైనా మందు పడకపోయి ఉండొచ్చు, లేదా డెల్టా కొత్తగా ఎక్కి ఉండొచ్చు. అన్నిటికీ ఒకేసారి టెస్టులు పంపమనండి. రక్తం గడ్డకట్టే టైమ్ చూసే ఐఎన్‌ఆర్ టెస్ట్ కూడా తప్పకుండా ఉండాలి, ఎస్‌జీపీటీ కన్నా ఇదే ముఖ్యం ఈ పరిస్థితిలో. అతను మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా, పగలు నిద్ర రాత్రి మెలకువ అన్నట్టు తయారైనా ఒక్క గంట కూడా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

డెల్టా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, బి, డి రెండూ ఒకేసారి సోకడం. అప్పుడు జబ్బు చాలా తీవ్రంగా ఉండొచ్చు, కొందరికి లివర్ ఫెయిల్యూర్ దాకా వెళ్ళొచ్చు, కానీ గట్టెక్కిన పెద్దవాళ్ళలో చాలామందికి రెండూ శరీరం నుంచి పోతాయి, దీర్ఘకాలంగా ఉండిపోయేది 5 శాతం లోపే. రెండోది మీ తమ్ముడి లాంటివాళ్ళకి, అంటే బి ముందే పాతుకుపోయి ఉన్నవాళ్ళకి డి తర్వాత సోకడం. దీన్ని సూపర్ ఇన్ఫెక్షన్ అంటాం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది, 70 నుంచి 90 శాతం మందిలో జబ్బు ముదిరే దారిలో వెళ్తుంది. కోటు అక్కడ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది కదా, డెల్టా వెళ్ళిపోవాల్సిన అవసరమే రాదు. బి ఒక్కటే ఉన్నవాళ్ళతో పోలిస్తే సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోవడం, దాదాపు పదేళ్ళు ముందే వచ్చేస్తుంది. ముప్పైల్లోనే సిర్రోసిస్‌తో వచ్చే పిల్లల్ని చూస్తే ఏ డాక్టర్‌కైనా కడుపు తరుక్కుపోతుంది.

ప్రశ్న: యాంటీ హెచ్‌డీవీ పాజిటివ్ వచ్చింది. హెచ్‌డీవీ ఆర్‌ఎన్‌ఏ నెగెటివ్. ఒకరు ఉందంటారు, ఒకరు లేదంటారు. ఉన్నట్టా లేనట్టా?

జవాబు: యాంటీబాడీ పాజిటివ్ అంటే డెల్టా మీ శరీరంలోకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చింది అని అర్థం, ఇప్పుడూ ఉందని కాదు. ఇప్పుడు ఉందో లేదో చెప్పేది ఆర్‌ఎన్‌ఏ. మీది నెగెటివ్ కాబట్టి మంచి వార్తే, కానీ ఒక్క టెస్ట్‌తో ఫైల్ మూసెయ్యకండి. ఆర్‌ఎన్‌ఏ కొన్నిసార్లు బాగా తగ్గి మళ్ళీ పెరుగుతుంది, పైగా ఈ టెస్ట్ అన్ని ల్యాబుల్లో ఒకేలా ఉండదు, డెల్టాలో 8 జీనోటైప్‌లు, అంటే జన్యువులో తేడా ఉన్న రకాలు, ఉన్నాయి, కొన్ని కిట్లు కొన్నిటిని సరిగ్గా పట్టుకోలేవు. అందుకని కొన్ని నెలల తర్వాత ఇంకోసారి, ముఖ్యంగా ఎస్‌జీపీటీ పెరిగితే మాత్రం వెంటనే మళ్ళీ చేయించుకోండి. పాజిటివ్ వచ్చిన వాళ్ళకి నా సలహా, ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి, లేకపోతే నంబర్ పెరిగిందో ల్యాబ్ మారిందో తెలీకుండా పోతుంది.

ప్రశ్న: మావారికి బి, డి రెండూ ఉన్నాయని తెలిసినప్పట్నుంచి మా అత్తగారు ఆయన కంచం, గ్లాసు విడిగా పెట్టేశారు. పిల్లల్ని దగ్గరికి రానివ్వట్లేదు. ఆయన ఒక గదిలో ఒక్కరే తింటున్నారు. పిల్లలకి నిజంగా ప్రమాదమా? నా సంగతేంటి?

జవాబు: అమ్మా, ఈరోజే ఆయన్ని మీ అందరితో కలిపి కూర్చోబెట్టి భోజనం పెట్టండి. కంచం, గ్లాసు, కౌగిలింత, ముద్దు, దగ్గు, తుమ్ము, ఒకే బాత్రూమ్ వాడటం, వీటి వల్ల బి రాదు, డి రాదు. ఇవి రక్తం ద్వారా, సెక్స్ ద్వారా వస్తాయి. ఇంట్లో జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి: రేజర్, టూత్ బ్రష్, గోళ్ళు కత్తిరించుకునే కట్టర్, షుగర్ టెస్ట్ చేసుకునే సూది. ఇవి ఆయనవి ఆయనకే ఉండాలి. ఆయనకి దెబ్బ తగిలి రక్తం కారితే గ్లవ్స్ వేసుకుని, బ్లీచ్ కలిపిన నీళ్ళతో తుడవండి, ఎందుకంటే బి వైరస్ శరీరం బయట కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది, ఎండిపోయిన మరక కదా అని వదిలెయ్యకూడదు.

మీరూ, పిల్లలూ, అత్తగారూ అందరూ మూడు టెస్టులు చేయించుకోండి: హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్, యాంటీ హెచ్‌బీసీ. మూడూ నెగెటివ్ అయితే బి వ్యాక్సిన్ కోర్సు పూర్తిచెయ్యండి. వ్యాక్సిన్ పనిచేసిందని తేలేదాకా మీరిద్దరూ కండోమ్ వాడండి. బి రాకుండా అడ్డుకుంటే డి కూడా రాదు. ఎవరికైనా హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వస్తే మాత్రం వాళ్ళకి వ్యాక్సిన్‌తో లాభం లేదు, అలాంటివాళ్ళకే డెల్టా రిస్క్ ఎక్కువ, కాబట్టి వాళ్ళకి డెల్టా టెస్ట్ కూడా చేయించాలి.

గదిలో ఒంటరిగా తినే ఆ మనిషి గురించి ఇంకొక్క మాట. ఎలా వచ్చింది, ఎవరి వల్ల వచ్చింది అని ఇంట్లో విచారణ పెట్టకండి. పుట్టినప్పుడు తల్లి నుంచి బి వచ్చి ఉండొచ్చు, ఎప్పుడో సరిగ్గా స్టెరిలైజ్ చెయ్యని సూది వల్ల డి వచ్చి ఉండొచ్చు, చాలాసార్లు ఎవరికీ తెలీదు, తెలిసినా వైద్యం మారదు.

ప్రశ్న: అయిదో నెల గర్భిణిని. బి, డి రెండూ పాజిటివ్. బిడ్డకి వస్తుందా? పాలు ఇవ్వొచ్చా?

జవాబు: తల్లి నుంచి బిడ్డకి డెల్టా రావడం చాలా అరుదు తల్లీ. మనం అడ్డుకోవాల్సింది బి ని. మీ హెచ్‌బీవీ డీఎన్‌ఏ ఎంతుందో ఇప్పుడే చూపించుకోండి, 2 లక్షల యూనిట్లు దాటితే డాక్టర్ టెనోఫోవిర్ మొదలుపెడతారు. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకి మొదటి డోసు వ్యాక్సిన్, దాంతోపాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్, అంటే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్, పడాలి, కాన్పు ఎక్కడ జరుగుతుందో అక్కడ అవి సిద్ధంగా ఉన్నాయో లేదో ఇప్పుడే అడిగి పెట్టుకోండి, నొప్పులొచ్చాక పరిగెత్తే పని పెట్టుకోవద్దు. పాలు ఇవ్వొచ్చు, నిరభ్యంతరంగా. డెల్టాకి ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ మాత్రం గర్భంలో వాడకూడదు.

ప్రశ్న: డెల్టాకి మందే లేదని ఒకరు చెప్పారు. నిజమేనా? మా అన్నయ్య అయితే ఆశ వదిలేసుకున్నాడు.

జవాబు: నిజం కాదు. అన్నయ్యగారికి ఇది చదివి వినిపించండి.

చాలా కాలం ఉన్నది ఒక్కటే, పెగైలేటెడ్ ఇంటర్‌ఫెరాన్, వారానికో ఇంజెక్షన్ చొప్పున 48 వారాలు. సుమారు నలుగురిలో ఒకరికి ఆర్‌ఎన్‌ఏ నెగెటివ్ అవుతుంది, వాళ్ళలో కొందరికి తర్వాత మళ్ళీ కనిపిస్తుంది, అందుకే కోర్సు అయిపోయాక కూడా ఏళ్ళ తరబడి టెస్టులు ఆపకూడదు. జ్వరం, ఒళ్ళు నొప్పులు, ప్లేట్‌లెట్లు పడిపోవడం, థైరాయిడ్ తేడా, డిప్రెషన్, ఇవన్నీ రావచ్చు. మనసు బాగా దిగాలుపడితే ఓర్చుకోవాలని కూర్చోకుండా డాక్టర్‌కి చెప్పాలి. సిర్రోసిస్ ముదిరి పొట్టలో నీరు చేరినవాళ్ళకి ఇది ఇవ్వరు.

తర్వాత కథ మారింది. బి వైరస్, డి వైరస్ రెండూ లివర్ కణంలోకి దూరేది ఎన్‌టీసీపీ అనే ఒకే ద్వారంలోంచి అని 2012లో చైనా పరిశోధకులు కనిపెట్టారు. అది మామూలుగా పిత్త లవణాలు కణంలోకి వెళ్ళే దారి. ఆ దారికి అడ్డుపడే మందు బులెవిర్టైడ్, హెప్‌క్లూడెక్స్ అనే పేరుతో వస్తుంది. 2020లో యూరప్‌లో షరతులతో అనుమతి ఇచ్చారు, 2023లో పూర్తి అనుమతి వచ్చింది. రోజూ 2 మిల్లీగ్రాములు, చర్మం కింద. చిన్న సీసాలో పొడిగా ఉంటుంది, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి, స్టెరైల్ వాటర్ కలిపి నురగ రాకుండా మెల్లిగా తిప్పి, పూర్తిగా కరిగాక తొడ మీదో పొట్ట కింది భాగంలోనో ఎవరికి వాళ్ళే పొడుచుకోవచ్చు. రోజూ ఇంజెక్షనా అని భయపడతారు గానీ ఇన్సులిన్ వాడేవాళ్ళు కోట్ల మంది ఇదే చేస్తున్నారు. ట్రయల్‌లో 48 వారాలకి ఈ డోసు వాడినవాళ్ళలో 45 శాతం మందికి వైరస్ బాగా తగ్గడం, ఎస్‌జీపీటీ నార్మల్ అవ్వడం రెండూ కలిసి కనిపించాయి, మందు ఇవ్వని గ్రూపులో ఇది 2 శాతం. రక్తంలో పిత్త లవణాలు పెరుగుతాయి, కొందరికి దురద వస్తుంది. ఆపితే వైరస్ తిరిగి లేవొచ్చు కాబట్టి ఎప్పుడు ఆపాలన్నది డాక్టరే చెప్పాలి. అన్ని దేశాల్లో ఇంకా దొరకట్లేదు, అది నిజంగా అన్యాయం, జబ్బు ఎక్కువగా ఉన్న మంగోలియా, మాల్డోవా, పశ్చిమ ఆఫ్రికా, అమెజాన్ ప్రాంతాల వాళ్ళకి ముందు చేరాల్సిన మందు ఇది.

లివర్ పూర్తిగా పాడైతే ట్రాన్స్‌ప్లాంట్ ఉంది. ఆపరేషన్ తర్వాత బి మళ్ళీ రాకుండా మందులతో, ఇమ్యూనోగ్లోబ్యులిన్‌తో కాపాడతారు, బి రాకపోతే డి కి చోటు లేదు, అందుకే డెల్టా వాళ్ళకి ట్రాన్స్‌ప్లాంట్ ఫలితాలు బాగుంటాయి. అన్నయ్యగారు ఆశ వదులుకునే చోట లేరు.

ప్రశ్న: నాకు బి ఉంది, ఎస్‌జీపీటీ నార్మల్, స్కాన్ నార్మల్. నాకూ ఈ టెస్ట్ కావాలా? అనవసరంగా భయపెడుతున్నారనిపిస్తోంది.

జవాబు: భయపెట్టడం నా ఉద్దేశం కాదు, ఎక్కువమందికి నెగెటివ్ వస్తుంది. ప్రపంచంలో బి దీర్ఘకాలంగా ఉన్నవాళ్ళు 25 కోట్ల పైనే, వాళ్ళలో డెల్టా సోకింది దాదాపు 5 శాతం మందికని అంచనా. కానీ ఆ 5 శాతంలో మీరు ఉన్నారో లేదో ముఖం చూసి చెప్పలేం. యూరప్ లివర్ డాక్టర్ల సంఘం 2023లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో, హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వచ్చిన వాళ్ళందరికీ డెల్టా టెస్ట్ చెయ్యాలనే చెప్పాయి. అదే రక్తం శాంపిల్‌తో ల్యాబ్ వాళ్ళే డెల్టా కూడా చూసేసి, అది పాజిటివ్ అయితే ఆర్‌ఎన్‌ఏ కూడా చేసేసే పద్ధతిని రిఫ్లెక్స్ టెస్టింగ్ అంటారు, నా దృష్టిలో దీన్ని మించిన మార్గం లేదు, ఎందుకంటే పేషెంట్ గుర్తుపెట్టుకుని అడగాల్సిన పని ఉండదు. 2025లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బి, సి లతో పాటు డి ని కూడా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది, బి ఒక్కటే ఉన్నవాళ్ళకన్నా రెండూ ఉన్నవాళ్ళకి లివర్ క్యాన్సర్ రిస్క్ 2 నుంచి 6 రెట్లు ఎక్కువ.

ఒకసారి నెగెటివ్ వస్తే జీవితాంతం నెగెటివ్ అని కాదు. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళు, హెచ్‌ఐవీ గానీ హెపటైటిస్ సి గానీ ఉన్నవాళ్ళు, సూదితో డ్రగ్స్ తీసుకునేవాళ్ళు, ఒకరికంటే ఎక్కువమందితో సెక్స్ సంబంధాలున్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ చేయించుకోవాలి. మిగతావాళ్ళు ఎస్‌జీపీటీ కారణం లేకుండా పెరిగినప్పుడు.

ప్రశ్న: నర్స్‌గా పనిచేస్తున్నా. బి వ్యాక్సిన్ మూడు డోసులు అయ్యాయి. డి కి వేరే వ్యాక్సిన్ ఏమైనా వేయించుకోవాలా?

జవాబు: డి కి విడిగా వ్యాక్సిన్ లేదు, బి వ్యాక్సినే రెండిటికీ సరిపోతుంది. కాకపోతే మీరు రోజూ సూదులతో పనిచేసేవాళ్ళు కాబట్టి చివరి డోసు అయిన ఒకటి రెండు నెలలకి యాంటీ హెచ్‌బీఎస్ టైటర్, అంటే వ్యాక్సిన్ వల్ల వచ్చిన యాంటీబాడీలు ఎంతున్నాయో, చూపించుకోవాలి, 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే మీకు రక్షణ ఉన్నట్టే. రాకపోతే ఇంకో కోర్సు వేసి మళ్ళీ చూస్తారు. అప్పటికీ రాకపోతే ఆ సంగతి మీ ఫైల్‌లో రాయించి పెట్టుకోండి, ఎప్పుడైనా సూది గుచ్చుకుంటే మీకు వెంటనే ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇవ్వాల్సి ఉంటుంది, ఆ టైమ్‌లో డ్యూటీ డాక్టర్‌కి అది చూడగానే తెలియాలి.